మూడు రోజుల ఈవెంట్‌కు పది రోజుల తాళం: పార్కు ఎవరిదండీ?

పొద్దునడక (హైదరాబాద్), బుధవారం ఉదయం 6:40

మా కాలనీ పక్కన ఆరేడు ఎకరాల పార్కు ఉంది. చుట్టుపక్కల నాలుగైదు కాలనీలకు ఉన్న పచ్చదనం అదొక్కటే. పోయిన సోమవారం పొద్దున అమ్మను తీసుకుని వెళ్తే గేటుకు తాళం. ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయి మూడు నెలలైంది, రోజూ నలభై నిమిషాలు నడవమన్నారు డాక్టరు. గేటుకు ఒక కాగితం అంటించారు: ‘ఫుడ్ అండ్ మ్యూజిక్ ఫెస్ట్, శుక్ర, శని, ఆదివారాలు. సహకరించగలరు.’

మూడు రోజులే కదా అనుకున్నా. సోమవారం మూసిన గేటు శుక్రవారం సాయంత్రం తెరిచారు, అదీ టిక్కెట్ ఉన్నవాళ్ళకు. ఆదివారంతో ఈవెంట్ అయిపోయింది. ఇవాళ బుధవారం, పదో రోజు. తాళం ఇంకా వేలాడుతూనే ఉంది. అమ్మ మెయిన్ రోడ్డు పక్కన నడుస్తోంది, నేను ఆటోలకు చెయ్యి అడ్డం పెడుతూ వెనకాల.

పార్కు చూసే ఆఫీసుకు వెళ్ళి అడిగాను. ‘పార్కు నడపడానికి ఆదాయం కావాలి కదండీ’ అన్నారు. ఎంత వచ్చింది, అందులో ఈ పార్కుకు ఎంత పెడతారు అంటే నవ్వి ఊరుకున్నారు.

నేను ఈవెంట్లకు వ్యతిరేకిని కాను. ఏడాదికి ఇన్ని రోజులే ఇవ్వాలన్న లెక్క ఎక్కడైనా ఉందా? మీ ఊళ్ళలో ఎలా చేస్తున్నారు?

---

బేస్_హర్ష (హైదరాబాద్), బుధవారం 9:15

అంకుల్, ఆ ఫెస్ట్‌కు నేనూ వచ్చాను. బాగుంది. ఈ ఊళ్ళో మా వయసు వాళ్ళు సాయంత్రం పోవాలంటే మాల్, లేకపోతే పబ్. చెట్ల కింద కూర్చుని పాట వినే చోటు ఎక్కడుంది? పది రోజులు పక్క వీధిలో నడిస్తే ఏమైంది? మిగతా 355 రోజులు మీవే కదా.

---

పొద్దునడక, బుధవారం 9:40

హర్షా, పక్క వీధిలో ఫుట్‌పాత్ చూపించు, అమ్మను రేపే అక్కడికి తీసుకెళ్తా. పైగా ఈ ఏడాది ఇది నాలుగోది.

---

మట్టివాసన (రిటైర్డ్, ఉద్యానశాఖలో పనిచేశాను), బుధవారం 11:05

తాళం తీశాక కూడా పది రోజుల్లో తేరుకోనిది ఒకటుంది. నేల.

జనరేటర్ లారీ, డీసీఎం వ్యాన్లు గడ్డి మీద తిరిగితే మట్టి అణిగిపోతుంది. మట్టి రేణువుల మధ్య గాలి, నీరు ఉండే సందులు మూసుకుపోతాయి. చెట్టు వేరు చాలా లోతుకు పోతుందని మనవాళ్ళ నమ్మకం. నీళ్ళు, ఆహారం పీల్చే సన్న వేళ్ళు చాలావరకు పై అడుగు, రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. కొమ్మల గొడుగు దాటి బయటికి కూడా పాకుతాయి. వాటి మీద లారీ నిలబడితే చెట్టు ఆ వారం ఎండదు. రెండు మూడేళ్ళకు పైకొమ్మలు ఎండడం మొదలవుతుంది. అప్పటికి ఈవెంట్ ఎవరికీ గుర్తుండదు, ‘తెగులు వచ్చింది’ అని రాసుకుంటారు. నేనూ అలా రాసినవాడినే.

వాన పడిన మర్నాడు లారీని లోపలికి పంపితే నష్టం ఎన్నో రెట్లు ఎక్కువ. తడి మట్టి పొడి మట్టికంటే చాలా తేలిగ్గా అణుగుతుంది. అనుమతి కాగితంలో రెండు ముక్కలు ఉంటే చాలు: కొమ్మల నీడ కిందికి బండి రాకూడదు, గడ్డి మీద బండి వెళ్ళాల్సి వస్తే ఇనుప పలకలో మందపాటి ప్లైవుడ్డో పరవాలి.

---

టెంట్‌హౌస్_యాదన్న (ఉప్పల్), బుధవారం మధ్యాహ్నం 2:20

అన్నా, మీరందరూ ఈవెంట్ మీద తిట్లు కురిపించే ముందు మా పని సంగతి కూడా వినండి. ఇరవై రెండేళ్ళుగా షామియానాలు వేస్తున్నా. మొదట పెళ్ళిళ్ళు, ఇప్పుడు ట్రస్ (లైట్లు వేలాడదీసే చట్రం), స్టేజీ, స్టాళ్ళు.

ఇవన్నీ కట్టడానికి నాలుగు రోజులు ఎందుకంటే, పెద్ద బండ్లను పగలు సిటీలోకి రానివ్వరు. రాత్రి పదకొండుకు బండి వస్తే తెల్లారేలోపు దించి బయటికి పోవాలి. అంటే నాలుగు రోజులు కాదు, నాలుగు రాత్రులు. పైన ట్రస్ వేలాడుతుంటే, కింద కేబుళ్ళు పరిచి ఉంటే పెద్దవాళ్ళను నడవనివ్వలేం. ఏదైనా అయితే మా లేబర్ మీదికే వస్తుంది.

ఊడదీయడం మాత్రం ఒకటిన్నర రాత్రి పని. ఇది నిజం. మంగళవారం పొద్దునకల్లా పార్కు ఖాళీ కావాలి. మరి బుధవారం కూడా తాళం ఎందుకుందంటే, నాకు తెలిసిన సంగతి చెబుతా, ఎవరినీ పేరు పెట్టి అనట్లేదు. చాలామంది ఆర్గనైజర్లు ‘వచ్చే ఆర్డర్ శుక్రవారం ఉంది, అప్పటిదాకా సామాను అక్కడే ఉండనీ’ అంటారు. గోడౌన్‌కు తీసుకుపోయి మళ్ళీ తేవాలంటే బండి కిరాయి, లేబర్ రెండు సార్లు అవుతుంది. పార్కులో ఉంచితే ఖర్చు ఒక వాచ్‌మన్.

---

పొద్దునడక, బుధవారం 2:45

యాదన్నా, అంటే మా పార్కు ఇప్పుడు గోడౌనా?

ఇప్పుడే గోడ మీంచి తొంగి చూసి వచ్చా. మీరన్నట్టే ఉంది. ఇనుప చట్రాలు వాకింగ్ ట్రాక్ మీదే దొంతరగా పేర్చి నీలం పట్టా కప్పారు. పిల్లల జారుడుబల్ల కింద చుట్టచుట్టి పెట్టిన ఎర్ర కార్పెట్లు. వాచ్‌మన్ ఊయలలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఈ ఊరి పార్కులో ఇవాళ ఊయల ఊగింది ఆయనొక్కడే.

---

హెర్న్‌హిల్_బావ (లండన్), బుధవారం రాత్రి 8:10

ఇక్కడ అచ్చంగా ఈ లెక్క మీదే కోర్టు దాకా వెళ్ళింది. మా ఇంటి దగ్గర బ్రాక్‌వెల్ పార్క్, సుమారు 125 ఎకరాలు. ఎండాకాలం మొదలవగానే వారం వారం టిక్కెట్ సంగీతోత్సవాలు. పార్కులో పెద్ద భాగం చుట్టూ మనిషికంటే ఎత్తు ఇనుప రేకుల గోడ లేస్తుంది. మిగిలిన భాగంలో తిరగొచ్చు. కానీ ఆ గోడ పక్కన నడుస్తుంటే జైలు ప్రహరీ పక్కన నడిచినట్టుంటుంది.

ఇంగ్లండ్‌లో ఒక స్థలాన్ని తాత్కాలికంగా వేరే పనికి వాడుకోవాలంటే ఏడాదికి 28 రోజుల దాకా ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు. అంతకు మించితే దరఖాస్తు పెట్టాలి, జనం అభ్యంతరాలు వినాలి. లాంబెత్ కౌన్సిల్ (మా ప్రాంతపు మున్సిపాలిటీ అనుకోండి) ఇది 28లోపే అని సర్టిఫికెట్ ఇచ్చింది. మా దగ్గరి నివాసి ఒకామె హైకోర్టుకు వెళ్ళింది. 2025 మే 16న తీర్పు వచ్చింది: ఆ వేసవి ఈవెంట్లకు, గోడలు కట్టడం విప్పడంతో కలిపి, 37 రోజులు పడుతున్నాయి, కాబట్టి ఆ సర్టిఫికెట్ చెల్లదు అని.

పాట ఉన్న రోజులనే లెక్క పెడతారా, గోడ ఉన్న రోజులను కూడానా? గొడవంతా దాని చుట్టూనే తిరిగింది. మీ గేటు మీద కాగితం ‘3’ అంటోంది, తాళం ‘10’ అంటోంది. అదే కథ.

---

బేస్_హర్ష, బుధవారం 8:35

మరి ఆ ఫెస్టివళ్ళు ఆగాయా?

---

హెర్న్‌హిల్_బావ, బుధవారం 8:50

ఆగలేదు. నిర్వాహకులు కొత్త సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టారు, మరుసటి వారమే పాటలు మొదలయ్యాయి. నిజం చెప్పాలంటే మా వీధిలోనే రెండు పార్టీలు. లాంబెత్ కంట్రీ షో అని అదే పార్కులో 1974లో మొదలైన ఉచిత జాతర ఒకటుంది. కూరగాయలు చెక్కి బొమ్మలు చేసే పోటీ కూడా ఉంటుంది, మా అమ్మాయికి అదంటే ప్రాణం. టిక్కెట్ ఈవెంట్ల సరంజామా, డబ్బు లేకపోతే ఇది నడపడం కష్టమని కౌన్సిల్ వాదన.

ఇంకోటి. ఉత్తర లండన్‌లో ఫిన్స్‌బరీ పార్క్ వాళ్ళు వైర్‌లెస్ అనే పెద్ద ఫెస్టివల్ మీద ఇలాగే కోర్టుకు వెళ్తే 2017లో అప్పీల్ కోర్టు కౌన్సిల్ వైపే తీర్పు ఇచ్చింది. పార్కును కొన్నాళ్ళు అద్దెకిచ్చే అధికారం కౌన్సిల్‌కు ఉంది అని. కాబట్టి ‘అసలు ఇవ్వకూడదు’ అని వాదిస్తే ఓడిపోతారు. ‘ఎన్ని రోజులు’ అని అడిగితే నిలబడొచ్చు.

---

దాదర్_పిల్ల (ముంబై), బుధవారం 10:05

మన దేశంలో కూడా ఉంది కదండీ. శివాజీ పార్కులో ఆటలు కాని కార్యక్రమాలకు ఏడాదికి 45 రోజులని హద్దు. అవి కూడా చాలావరకు ముందే పేరు పెట్టి కేటాయించినవి. డిసెంబర్ 6 అంబేడ్కర్ వర్ధంతి, మే 1 మహారాష్ట్ర దినోత్సవం అలాంటివి. 2010లో బాంబే హైకోర్టు దాన్ని సైలెన్స్ జోన్ కూడా చేసింది. ఆ 45 కోసం పార్టీలు కొట్టుకుంటాయి, అది వేరే సంగతి. కానీ కొట్టుకోవడానికి ఒక అంకె ఉంది. మీకు అది కూడా లేదు.

---

కృష్ణలంక_కుర్రాడు (విజయవాడ), గురువారం ఉదయం 7:30

నాకు అంకెకంటే ముందు ఒక అనుమానం. ఈవెంట్లు పార్కుల్లోకి ఎందుకొస్తున్నాయి? గ్రౌండ్లు పోయి.

మా ఊళ్ళో స్వరాజ్య మైదానం ఉండేది, అందరం పీడబ్ల్యూడీ గ్రౌండ్ అనేవాళ్ళం. జనవరి వస్తే పుస్తకాల పండుగ అక్కడే. ఎగ్జిబిషన్లు, సభలు, అన్నీ అక్కడే. చిన్నప్పుడు అప్పడం, మిరపకాయ బజ్జీ తింటూ పుస్తకాలు తిరగేసి, జిడ్డు చేత్తో పట్టుకున్నందుకు నాన్న చేత కొనిపించిన పుస్తకం ఇంకా ఉంది. ఇప్పుడక్కడ 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, స్మృతివనం వచ్చాయి, 2024 జనవరి 19న ప్రారంభించారు. విగ్రహం మీద నాకు ఒక్క మాట కూడా అభ్యంతరం లేదు. కానీ నడి ఊళ్ళో జనం పోగయ్యే ఖాళీ నేల అదే. దాని బదులు ఇంకో నేల చూపించలేదు. పుస్తకాల పండుగ స్టేడియంలోకి వెళ్ళింది. మిగతావి ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ.

---

చార్‌కమాన్_తాత (హైదరాబాద్), గురువారం 8:20

విజయవాడ అబ్బాయి మంచి మాట అన్నాడు. దానికి మా నుమాయిష్ (ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్) కథ చెబుతా.

1938లో మొదటి నుమాయిష్ ఎక్కడ జరిగిందనుకున్నారు? పబ్లిక్ గార్డెన్స్‌లో. అంటే పార్కులోనే. ఉస్మానియా పట్టభద్రులు మొదలుపెట్టారు. అది పెరిగి పెరిగి తోట చాలకపోతే 1946లో నాంపల్లిలో ఇప్పుడున్న మైదానానికి మార్చారు. అప్పటి నుంచి అక్కడే. ఇప్పుడైతే మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా, 46 రోజులు. వచ్చిన డబ్బు ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలకు, స్కూళ్ళకు పోతుంది. ఈ డబ్బు ఎటు పోతుంది అంటే ఊళ్ళో ఎవడైనా చెబుతాడు. మీ ఆఫీసులో లాగా నవ్వి ఊరుకోరు.

తోటను తోటలాగా వదిలేసి సంతకు వేరే నేల చూపించడం మన ఊరికి ఎనభై ఏళ్ళ కిందటే తెలుసు. నాంపల్లి వాళ్ళకు ఆ నెలన్నర ట్రాఫిక్ నరకమే, కాదనను. మా బావమరిది ఇల్లు అక్కడే, జనవరిలో వాళ్ళింటికి వెళ్ళడం మానేశా.

---

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్, గురువారం 10:10

ఫార్ములా ఈ, ఆ కరెంటు కార్ల రేసు గుర్తుందా? 2023 ఫిబ్రవరి 11. హుస్సేన్ సాగర్ ఒడ్డున 2.8 కిలోమీటర్ల ట్రాక్. రేసు ఒక్క పూట. ఎన్టీఆర్ గార్డెన్, లుంబినీ పార్కు మూసేశారు, రోడ్లు రేసుకు ముందు నుంచే మళ్ళించారు. ఖైరతాబాద్‌లో నేను బైక్ మీద గంటన్నర నిలబడ్డా. మళ్ళీ ఏడాది రేసు రద్దయింది. మరి ఆ డబ్బుల సంగతి చూస్తే...

---

నిర్వాహకుడు, గురువారం 10:25

ఆ రేసు డబ్బుల కేసు సంగతి ఇక్కడ వద్దు. దాని తర్వాత వచ్చిన పద్నాలుగు పోస్టులు తీసేశాను. పార్కుల గురించి మాట్లాడండి.

---

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్, గురువారం 10:40

సరే బాస్. అయితే మంచి మాట కూడా చెప్తా. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద బండ్లు ఆపి జనానికి వదిలారు, ఐదు నుంచి పది దాకా. స్టాళ్ళు, పాటలు, పిల్లలు రోడ్డు మధ్యలో సైకిళ్ళు. టిక్కెట్ లేదు, గోడ లేదు. ఏ పార్కునూ మూయలేదు, రోడ్డును మూశారు. హర్ష బ్రో అడిగిన ‘సాయంత్రం పోయే చోటు’ అదే కదా.

---

వెంకాయమ్మ_పచ్చళ్ళు (హైదరాబాద్), గురువారం మధ్యాహ్నం 3:00

నేను మీ పక్క స్టాల్ దాన్ని అనుకోండి. ఆ ఫెస్ట్‌లో కాదు గానీ అలాంటివాటిల్లో పెడుతుంటాను. ఇంట్లో చేసిన పచ్చళ్ళు, పొడులు. పార్కులో స్టాల్ అయితే మూడు రోజుల్లో పోయే సరుకు, హాల్లో అయితే వారమైనా మిగిలిపోతుంది. సాయంత్రం వాకింగ్‌కు వచ్చినవాళ్ళే ఆగి రుచి చూసి కొంటారు. మళ్ళీ ఫోన్ చేసి ఆర్డర్ ఇచ్చేది కూడా వాళ్ళే. గేటు మూసి, టిక్కెట్ పెట్టి వాళ్ళను బయట నిలబెడితే నష్టం మాకే. ఆ సంగతి ఆర్గనైజర్‌కు పట్టదు, ఆయనకు మా స్టాల్ అద్దె ముందే ముట్టింది.

ఈవెంట్లు వద్దనకండి. పొద్దున ఐదు నుంచి తొమ్మిది దాకా గేటు తీసి ఉంచమనండి. ఆ వేళ మేమెవరం స్టాల్ తెరవం.

---

టెంట్‌హౌస్_యాదన్న, గురువారం 3:30

అక్కా, స్టేజీ కింద నుంచి నడవనివ్వడం కుదరదు. ట్రస్ ఎక్కించే రాత్రి తర్వాతి పొద్దున అసలే వద్దు. కానీ పార్కును రెండుగా కోసి, ట్రాక్ ఉన్న సగాన్ని వదిలేయొచ్చు. రేకులు అడ్డం పెడితే అయిపోతుంది. మాకు కష్టమేం లేదు. ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చేయరు. మొత్తం పార్కుకే కిరాయి కట్టానంటాడు ఆయన.

---

బేస్_హర్ష, గురువారం 4:15

ఒప్పుకుంటున్నా, గోడౌన్ సంగతి నాకు తెలియదు. ఈవెంట్ అయ్యాక తాళం ఉండటం తప్పే. కానీ సౌండ్ గురించి ఎవరూ మొదలుపెట్టకండి ప్లీజ్.

---

సెక్షన్_4 (వరంగల్), గురువారం 6:50

నేనే మొదలుపెడతా హర్షా, రెండే ముక్కలు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. సాంస్కృతిక, మతపరమైన పండుగలకు ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించొచ్చు, ఏడాదికి 15 రోజులకు మించకుండా. నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45.

ఇక పొద్దునడక గారికి. పార్కు స్థలం గురించి సుప్రీంకోర్టు 1991లో బెంగళూరు కేసులో గట్టిగా చెప్పింది. పార్కుకని కేటాయించిన జాగాను ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కు ఇస్తే రద్దు చేసింది. అయితే అది శాశ్వతంగా ఇచ్చేసిన కేసు, మీది కొద్ది రోజుల అద్దె. దాన్ని పట్టుకుని ఆఫీసులో కేకలు వేయకండి, కాగితం పెట్టండి. సమాచార హక్కు దరఖాస్తు, పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘ఎందుకు మూశారు’ అని రాస్తే జవాబు రాదు. కాగితాలే అడగండి: అనుమతి ఉత్తర్వు కాపీ, అందులో స్థలం అప్పగించిన తేదీ, తిరిగి తీసుకున్న తేదీ, కట్టిన మొత్తం రసీదు, డిపాజిట్ ఉంటే అందులో ఎంత పట్టుకున్నారో ఆ కాగితం. ఈ ఏడాది ఇచ్చిన నాలుగింటికీ.

తిరిగి తీసుకున్న తేదీ ఆదివారం అని ఉంటే, సోమవారం నుంచి ఉన్న తాళానికి ఎవరూ పైసా కట్టనట్టే.

---

మట్టివాసన, గురువారం 7:30

డిపాజిట్ సంగతి తప్పకుండా అడగండి. మా రోజుల్లో గుంటలు పూడ్చారా అని చూసి సంతకం పెట్టేవాళ్ళం. గుంటలు కనిపిస్తాయి కాబట్టి. అణిగిన మట్టి కంటికి కనిపించదు. ఒక గొడుగు చువ్వ పట్టుకెళ్ళి గుచ్చండి. మంచి మట్టిలో జానెడు తేలిగ్గా దిగుతుంది. లారీ తొక్కిన చోట నాలుగు వేళ్ళు కూడా దిగదు.

---

పొద్దునడక, శనివారం ఉదయం 9:20

గురువారం రాత్రి సామాను ఎత్తారు. మొత్తం 11 రోజులు. నిన్న పొద్దున గేటు తీశారు.

దరఖాస్తు సెక్షన్_4 గారు చెప్పినట్టే రాసి ఇచ్చి వచ్చా. తీసుకున్నాయన చదివి, ‘అప్పగించిన తేదీ, తిరిగి తీసుకున్న తేదీ’ అన్న దగ్గర ఆగి, ‘ఇదెవరు రాసిచ్చారు సార్?’ అన్నాడు.

పార్కులో వేపచెట్టు దగ్గర గొడుగు చువ్వ గుచ్చి చూశా. వంగిపోయింది. గొడుగు కూడా అమ్మదే.

నిన్న అక్కడ ఒక పెద్దాయన కనిపించారు. డెబ్బై దాటి ఉంటాయి. పాత స్పీకర్ లోంచి తీసిన గుండ్రటి అయస్కాంతానికి పురికొస కట్టి, ట్రాక్ మీద కుక్కపిల్లను నడిపించినట్టు లాక్కుంటూ పోతున్నారు. రెండు చుట్లు అయ్యాక ఆగి, అయస్కాంతానికి ముళ్ళపందిలా అతుక్కున్న మేకులు ఒక్కొక్కటే పీకి హార్లిక్స్ సీసాలో వేశారు. లెక్కపెట్టాం, 63. ప్రతి ఈవెంట్ తర్వాత ఇదే ఆయన పని అట. కిందటిసారి 41 అని సీసా మూతకు లోపల పెన్నుతో రాసుకున్నారు. మా అమ్మ నడిచేది పల్చటి అడుగు చెప్పులతో.

యాదన్నా, ఆ మేకులు మీవేనా?

---

టెంట్‌హౌస్_యాదన్న, శనివారం 9:50

మావి కాదన్నా, ట్రస్‌కు నట్టుబోల్టులే. అవి కార్పెట్ పరిచేటప్పుడు కొట్టే మేకులు. తీసేటప్పుడు కార్పెట్‌ను లాగేస్తారు, మేకులు ఏరరు. అయినా మా పిల్లలకు చెప్తా, ఆ అయస్కాంతం ఐడియా బాగుంది.

---

పొద్దునడక, శనివారం 10:05

మరిచా. గేటు మీద పాత కాగితం చింపకుండా దాని పక్కనే కొత్తది అంటించారు. వచ్చే నెల హ్యాండ్లూమ్ ఎక్స్‌పో. ‘రెండు రోజులు. సహకరించగలరు.’

---

టెంట్‌హౌస్_యాదన్న, శనివారం 10:12

ఏ తేదీలు అన్నా? ఆ ఆర్డర్ మాకే వచ్చినట్టుంది.

---

పొద్దునడక, శనివారం 10:15

వస్తే ట్రాక్ వైపు సగం వదిలేసి రేకులు పెట్టు యాదన్నా. ఎవరైనా అడిగితే నేను అడిగానని చెప్పు.